‘బై’ లేని రిమార్కు

నా పదవీ విరమణకు ఎనిమిది నెలల ముందు, అక్టోబరు ఆఖరి వారంలో, మండల విద్యాధికారి హోదాలో ఒక ఉన్నత పాఠశాల తనిఖీకి వెళ్ళాను. నా అసలు ఉద్యోగం సూర్యాపేటలో గెజిటెడ్ ప్రధానోపాధ్యాయుడిది. మండల విద్యాధికారుల పోస్టులు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండటంతో దగ్గరలో ఉన్న హెడ్మాస్టరుకు ఆ పని కూడా అప్పగించేవారు. దాన్ని అదనపు బాధ్యత అంటారు. నాకు అంటగట్టిన మండలం సూర్యాపేటకూ కోదాడకూ నడుమ ఉంటుంది. పేరు రాయను. అక్కడ పనిచేసిన వాళ్ళకు చదవగానే తెలిసిపోతుంది, మిగతా వాళ్ళకు అవసరం లేదు.

నా గురించి ఒక మాట ముందే చెప్పాలి. ముప్పై మూడేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. నోరున్న మనిషిని. నా చమత్కారానికి టీచర్లు భయపడేవారు, పిల్లలు నవ్వేవారు, నేను మురిసిపోయేవాణ్ణి. "కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటరు. నీకు కాలొక్కటే గట్టిగున్నది" అని మా ఆవిడ ఎప్పుడో అన్నది. దాన్ని కూడా నేను టీచర్ల సమావేశంలో చమత్కారంగా వాడుకున్నాను.

తనిఖీకి ఒక క్రమం ఉంది. ఉదయం ప్రార్థన వేళకు చేరాలి. హాజరు పట్టీలు, రిజిస్టర్లు చూడాలి. తర్వాత తరగతులు, మధ్యాహ్న భోజనం, చివర టీచర్ల సమావేశం. అంతా అయ్యాక తనిఖీ పుస్తకంలో రిమార్కులు రాయాలి. ఈ పుస్తకం గట్టి అట్టతో ఉంటుంది. పేజీలకు నంబర్లు వేసి, మొత్తం ఎన్ని పేజీలో మొదటి పేజీలోనే హెడ్మాస్టరు ధ్రువీకరిస్తాడు. పేజీ చించకూడదు, రాసింది కొట్టివేయకూడదు. తప్పు రాసినట్టు తేలితే దాని కింద ఇంకో రిమార్కు రాసి, తేదీ వేసి సంతకం చేయాలి. అది కూడా పదవిలో ఉన్న అధికారే చేయాలి. ఈ నియమం కొంచెం గుర్తుంచుకోండి.

ఆ రోజు మొదట అడ్మిషన్ రిజిస్టరు తెరిచాను. బళ్ళో చేరిన ప్రతి పిల్ల పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, తండ్రి వృత్తి అందులో ఉంటాయి. వృత్తి గడిలో వరుసగా వ్యవసాయం, కూలి, కూలి, హమాలి, కూలి. రేణుక అనే పేరు ఎదుట మాత్రం ‘పగటి వేషాలు’ అని ఉంది. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను: పట్టపగలు దేవుళ్ళ వేషాలు కట్టి, పద్యాలు పాడుతూ ఇల్లిల్లూ, అంగడంగడీ తిరిగి జనం ఇచ్చింది పుచ్చుకునే కుటుంబాలు మా జిల్లాలో ఇప్పటికీ ఉన్నాయి. నా వేలు ఆ గడి మీద ఆగడం చూసి హెడ్మాస్టరు గొంతు తగ్గించాడు.

"ఆ పిల్ల క్లాసుల ఎవ్వరికీ చెప్పుకోదు సార్. కూలి అనే చెప్తది. తెలివిగల్ల పిల్ల" అన్నాడు.

నేను తలూపాను. అంటే నాకు చెప్పారు, నేను విన్నాను. తెలియక అన్నానని చెప్పుకునే దారి నాకు లేదు.

తర్వాత పదో తరగతికి వెళ్ళి నమూనా పాఠం చెప్పాను. తనిఖీకి వచ్చిన అధికారి ఒక పాఠం చెప్పి చూపడం మర్యాద. ఏ బడికి పోయినా నా పాఠం ఒక్కటే, యాక్టివ్ వాయిస్, ప్యాసివ్ వాయిస్. ‘నేను అద్దం పగలగొట్టాను’ అంటే యాక్టివ్, చేసినవాడు ముందే నిలబడతాడు. ‘అద్దం నా చేత పగలగొట్టబడింది’ అంటే ప్యాసివ్. ‘నా చేత’ అనడానికి ఇంగ్లీషులో ‘బై’ అనే మాట వస్తుంది. ఆ ‘బై’ని తీసేసినా వాక్యం తప్పు కాదు. ‘అద్దం పగలగొట్టబడింది’, అంతే.

"బై తీసేస్తే ఏమైతది? పగలగొట్టినోడు గోడ దుంకి పోతడు!" అన్నాను.

ముప్పై ఏళ్ళుగా ఆ మాటకు తరగతులన్నీ నవ్వాయి, ఆ తరగతీ నవ్వింది. రెండో బెంచీలో ఒక అమ్మాయి మాత్రం నవ్వకుండా ఆ మాటను నోట్సులో రాసుకుంటోంది. నాకు ఇంకా ముచ్చటేసింది.

మధ్యాహ్నం భోజనాల తర్వాత కంప్యూటర్ గదికి వెళ్ళాను. కంప్యూటర్లు పది, నడిచేవి నాలుగు. ఆ పీరియడ్ టీచరు సెలవులో ఉండటంతో క్లాసు టీచరు సరళ మేడం పదో తరగతి ఆడపిల్లల్ని అక్కడ కూర్చోబెట్టింది. మూల కంప్యూటరు చుట్టూ ఏడెనిమిది మంది మూగి ఉన్నారు. మౌసు పట్టుకున్నది పొద్దున నోట్సు రాసుకున్న అమ్మాయే.

తెర మీద ఒక ఇంటి వాకిలి. మెట్ల మీద కళ్ళూ నోరూ చెక్కిన గుమ్మడికాయలు. మా వైపు గుమ్మానికి దిష్టికి కడతారు కదా, వాళ్ళు మెట్ల మీద పెట్టుకున్నారు. వాకిట్లో సన్నగా, తెల్లగా ముగ్గురు అమ్మాయిలు నిలబడి ఉన్నారు. పక్కన పెట్టెల్లో టోపీలు, రెక్కలు, నల్ల దుప్పట్లు, రంగులు. ఏది నొక్కితే అది వాళ్ళ ఒంటి మీదికి వస్తుంది. నడిమి అమ్మాయి ముఖంలో సగం మామూలుగా ఉంది, మిగతా సగం పుర్రె. నొసటి నుంచి గడ్డం దాకా నిట్టనిలువునా గీత. మౌసు పట్టుకున్న అమ్మాయి ఆ గీత దగ్గర వేలు పెట్టి పక్కవాళ్ళకు ఏదో చెప్పబోతోంది. నేను వెళ్ళడంతో ఆగిపోయింది.

"ఏందమ్మా ఇది?" అన్నాను.

"గేమ్ సార్. హాలోవీన్ పండుగ. కొరియా ఐడల్స్‌కు డ్రెస్సులు వేసుడు" అంది లేచి నిలబడి.

ఐడల్స్ అంటే పాటలు పాడే, డాన్సు చేసే కొరియా తారలట. అది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఇంగ్లీషు సారుకు మాట దొరికింది.

"ఐడల్ అంటే ఏంది? విగ్రహమా, పని లేక కూసునుడా? రెండిటికి పలుకుడు ఒక్కటే. స్పెల్లింగ్ చెప్పు!"

పిల్లలు నవ్వారు. నాకు ఊపొచ్చింది. పేరడిగాను. రేణుక అంది. పొద్దున రిజిస్టరులో వేలు పెట్టిన గడి కళ్ళ ముందుకొచ్చింది.

"పది క్లాసు పెట్టుకొని ఏం వేషాలే ఇవి?" అన్నాను. "ఇంట్ల మీ నాయిన ఏసేటివి సాలవా?"

‘వేషాలేస్తున్నవా’ అనేది మా వైపు ప్రతి ఇంట్లో, ప్రతి బళ్ళో వినబడే తిట్టు. మా అమ్మ నన్ను తిట్టింది, నేను నా పిల్లల్ని తిట్టాను. దానికెవరూ నొచ్చుకోరు. మొదటి వాక్యం దగ్గర ఆగి ఉంటే అది కూడా అలాంటి తిట్టే అయ్యేదేమో. రెండో వాక్యం నాకు చాలా తెలివైన మాటగా తోచింది, అందుకే అన్నాను. కొందరు నవ్వారు. కొందరు అర్థం కాక పక్కవాళ్ళను అడిగారు, నా మాటను బట్టి పోల్చుకున్న వాళ్ళు చెవిలో చెప్పారు, అప్పుడు వీళ్ళూ నవ్వారు. రేణుక ఆట మూసేసింది, కుర్చీ లోపలికి జరిపింది, బయటికి నడిచింది.

సాయంత్రం తనిఖీ పుస్తకంలో ఇలా రాశాను: "పదవ తరగతి విద్యార్థిని కుమారి రేణుక కంప్యూటర్ గది యందు వేషముల ఆటలో కాలము వృథా చేయుచుండగా గమనించడమైనది. కుటుంబ వృత్తి ప్రభావము కనబడుచున్నది. తగు చర్య గైకొనవలెను." సంతకం చేసి, టీ తాగి, సూర్యాపేట వచ్చేశాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

నవంబరులో నామినల్ రోల్స్ పని మొదలైంది. పదో తరగతి పబ్లిక్ పరీక్ష రాసే పిల్లల పేర్లతో బడి నుంచి పైకి పంపే పట్టికను నామినల్ రోల్ అంటారు. అందులో పేరు లేని పిల్లకు ఆ ఏడు పరీక్ష లేదు. గడువు ఇంకా తొమ్మిది రోజులుందనగా ఆ బడి పట్టికలో ఒక పేరు ఎదుట ఖాళీ కనబడింది. సంతకం లేదు, ఫోటో లేదు. హెడ్మాస్టరుకు ఫోన్ చేస్తే రేణుక మూడు వారాల నుంచి బడికి రావడం లేదన్నాడు. పిల్ల బడి మానేస్తే మండలం లెక్కలో నా పేరు మీద పడుతుంది. రిటైరయ్యే ముందు ఈ మచ్చ ఎందుకని స్వయంగా బయలుదేరాను. పిల్ల కోసం కాదు. అబద్ధం ఆడను.

స్టాఫ్ రూములో సరళ మేడం ఒక్కతే ఉంది. సోషల్ చెబుతుంది, పెద్దగా మాట్లాడదు. ఆ పిల్ల ఎందుకు మానేసిందని అడిగాను.

"మీరన్న మాటకే సార్" అంది.

"నేనేమన్నాను?"

నిజంగానే అడిగాను. నాకు గుర్తు లేదు. ఆమె నేనన్న రెండు వాక్యాలూ పొల్లు పోకుండా అప్పజెప్పింది. మర్నాటి నుంచి పిల్లలు ఆమెను ‘వేషాల రేణుక’ అనడం మొదలుపెట్టారట. బెంచీ మీద సుద్దతో హనుమంతుడి వేషం తోక గీశారట. నాలుగో రోజు నుంచి రాలేదు.

"పిల్లలన్నంక ఎక్కిరిచ్చుకుంటరు. నేనొక్కణ్ణే కారణమా మేడం?" అన్నాను.

"నేను మీరొక్కరే అనలేదు సార్" అంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అయింది నా పని. మాట మార్చి, తండ్రి ఎక్కడుంటాడని అడిగాను. తండ్రి పేరు సాయిలు. కార్తీకమాసం కాబట్టి కోదాడ అంగళ్ళలో తిరుగుతుంటాడని ఆమె చెప్పింది.

మర్నాడు కోదాడ వెళ్ళాను. బస్టాండు దగ్గర అడిగితే, "అర్ధనారీశ్వరుడాండీ? ఇందాకే అటెళ్ళాడండీ" అని బజారు వైపు చూపించారు. ఒక బియ్యం కొట్టు ముందు కనబడ్డాడు. ముఖం నట్టనడిమిన గీత. కుడివైపు సగం మీసం, బూడిద, పులితోలు గుడ్డ. ఎడమవైపు సగం పసుపు, కాటుక, ముక్కుపుడక, చీర. చేతిలోని గుడ్డతో ఒక సగం ముఖం మరుగు చేసుకుంటూ, అటు తిరిగితే శివుడి గొంతుతో, ఇటు తిరిగితే పార్వతి గొంతుతో పద్యం చెబుతున్నాడు. గొంతు మారినప్పుడల్లా నడక కూడా మారుతోంది. ఎండలో చెమటలు కారుతున్నా ఆ గీత చెదరలేదు. ఇంత పనితనాన్ని నేను పుస్తకంలో ‘ప్రభావము’ అని రాశానే అని ఆ నిమిషాన మొదటిసారి సిగ్గేసింది.

పద్యం అయ్యాక దగ్గరికెళ్ళి నేనెవరో చెప్పాను. ఆయన గబగబా వంగి దండం పెట్టాడు. అంత పని చేస్తాడనుకోలేదు. కొట్టు యజమాని కొడుకు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నాడు.

"ఏంటండీ మాస్టారూ, మీకు తెలిసినాయనా అండీ?" అని యజమాని నవ్వుతూ అడిగాడు.

"లేదు లేదు, ఏదో ఆఫీసు పని" అన్నాను.

అని, సాయిలును పక్క సందులోకి రమ్మన్నాను. నలుగురిలో అతనితో మాట్లాడటానికి నాకు మొహం చెల్లలేదు. కూతురిని బడి మాన్పించిన మనిషి, ఆ తండ్రితో బజారులో నిలబడటానికి వెనకాడాడు. ఇది కూడా రాయకపోతే ఈ జ్ఞాపకం రాసి లాభం లేదు.

"బిడ్డ మిర్యాలగూడల ఉన్నది సారూ, వాళ్ళ పెద్దమ్మ కాడ" అన్నాడు సాయిలు. "మిల్లుల వడ్లు ఆరబోసే పనికి పోతున్నది. నేను పొమ్మనలే. నేను సదువుకోమనే అన్న. అది ఇనలే."

"ఏమన్నా చెప్పిందా?"

ఏ సగం ముఖం వైపు చూడాలో తెలియక నేను నేల చూస్తున్నాను.

"మేం అడుక్కునేటోళ్ళం కాదు సారూ. ఆట సూపిచ్చి తీస్కుంటం. మా తాతలు దొరల కాడ గూడ గట్లనే తీస్కున్నరు. బిడ్డకు గిది నేనెన్నడు సిగ్గని చెప్పలే. బడికి పొయ్యినంక అదే నేర్సుకున్నది. మొన్న దసరా కాడికెల్లి జర మారింది. గీ గీత, సారూ, గీ మొకం మీది గీత, మళ్ళ అదే గీస్తున్నది నాకు. మంచిగ గీస్తది. నాకన్న సక్కగ గీస్తది." గొంతు తగ్గింది. "ఇప్పుడు మళ్ళ నేనే గీస్కుంటున్న."

అతను నన్ను ఒక్క మాట కూడా అనలేదు. రెండు తిట్లు తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

తర్వాతి ఆదివారం మిర్యాలగూడ బస్సెక్కాను. మిల్లు ఊరి బయట, వేములపల్లి దారిలో ఉంది. సిమెంటు కళ్ళం మీద వడ్లు పరిచి ఉన్నాయి. తలకు తువ్వాల చుట్టుకొని రేణుక కాళ్ళతో వడ్లు తిరగేస్తోంది. నన్ను చూసి తువ్వాల తీసి, "నమస్తే సార్" అంది. బళ్ళో ఎలా అంటారో అలాగే. వాళ్ళ పెద్దమ్మ కొంచెం దూరంలో నిలబడి, "ఎవరే?" అంటే, "మా బడి సారు" అంది. ఆ ‘మా’ అన్నది నాకు తగిలింది.

నామినల్ రోల్ గురించి, గడువు గురించి, పది పాసైతే వచ్చే అవకాశాల గురించి చెప్పాను. అన్నీ విన్నది. చివర, "ఆ రోజు ఏదో సరదాకన్న మాట. మనసుల పెట్టుకోకు" అన్నాను. ఇదీ నా క్షమాపణ.

"ఆ రోజు నేనే చెప్దామనుకున్న సార్" అంది.

"ఏం చెప్దామనుకున్నవ్?"

"మా నాయిన సంగతి. ఆ గేముల సూసిన్రు గద, పెద్ద పెద్ద ఐడల్స్, గంత పేరున్నోళ్ళు, వేషమేస్కొని ఇల్లిల్లు తిరుగుతరు. బయటి దేశాలల్ల అది పండుగ. ఇంట్లోళ్ళు నవ్వి చాక్లెట్లు పెడ్తరు. ఎవ్వరు సిగ్గువడరు. ఆ సగం మొకం బొమ్మ సూపిచ్చి, గిట్ల గీత మా నాయినకు నేనే గీస్త అని చెప్దామని నోరు తెరిచిన." వడ్ల మీద కాలు ఆపింది. "గంతల మీరొచ్చి చెప్పేసిన్రు."

నేను చెప్పేశాను. ఆమె గర్వంగా చెప్పబోయిన మాటనే నేను తిట్టుగా చెప్పాను. తొమ్మిదేళ్ళు దాచుకున్న మాట విప్పడానికి ఆ పిల్ల ఎంత ధైర్యం కూడగట్టుకుందో, ఆ ఏడెనిమిది మంది స్నేహితురాళ్ళను ఎలా పోగేసిందో ఇప్పుడు ఆలోచిస్తే తల కొట్టేసినట్టు ఉంటుంది. ఇంకో అర నిమిషం ఆగి ఉంటే చాలు. కనీసం "ఏం చెప్తున్నవమ్మా?" అని అడిగినా సరిపోయేది.

"బడికి రావాలంటే ఏం చేయాలె?" అని అడిగాను.

"మీరు పుస్తకంల రాసిన్రంట గద. హెడ్మాస్టర్ సారు క్లాసుల చదివి ఇనిపించిండు. అది తప్పని రాయున్రి సార్. రాస్తే వస్త."

రాస్తానన్నాను. మాటిచ్చాను.

మర్నాడే బడికి వెళ్ళి తనిఖీ పుస్తకం తెప్పించుకున్నాను. ఇక్కడ పాఠకులు ఉద్యోగం సంగతి కొంచెం తెలుసుకోవాలి. ఆ పుస్తకాన్ని నా తర్వాత వచ్చే అధికారి చూస్తాడు, ఆడిట్ వాళ్ళు చూస్తారు. ‘నేను రాసింది తప్పు’ అని ఒక అధికారి తన చేత్తో రాసుకోవడం నా సర్వీసులో నేను చూడలేదు. ఎవరైనా ఫిర్యాదు పెడితే అదే కాగితం సాక్ష్యమవుతుంది. రిటైర్మెంటుకు ఏడు నెలలుంది. పెన్షన్ కాగితాలు కదలాల్సి ఉంది. పెన్ను పట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. చివరికి ఇలా రాశాను: "పై రిమార్కునకు సంబంధించిన విషయము పరిష్కరించబడినది." తేదీ వేశాను, సంతకం చేశాను.

రాశానని కబురు పంపితే రేణుక మూడో రోజు వచ్చింది. ఫోటో ఇచ్చింది, పట్టికలో సంతకం చేసింది, పేరు పైకి వెళ్ళింది. నా మచ్చ తప్పింది. పుస్తకం చూపించమని ఆమె సరళ మేడంను అడిగిందట. పట్టిక పని మీద ఆ రోజు నేనూ బళ్ళోనే ఉన్నాను, మేడం నా ముందే తెచ్చి తెరిచింది. రేణుక నిలబడి, నా వాక్యాన్ని పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివింది.

"ఇది ప్యాసివ్ వాయిస్ గద సార్?" అంది.

నేను తలూపాను.

"ఇందుల ‘బై’ లేదు" అంది.

ఎగతాళి లేదు ఆ గొంతులో. పాఠంలో అనుమానం అడిగినట్టే అడిగింది. సరళ మేడం కిటికీ వైపు తిరిగింది. ముప్పై మూడేళ్ళ సర్వీసులో నా పాఠాన్ని అంత బాగా అర్థం చేసుకున్న విద్యార్థి ఇంకొకరు లేరు. "చదువు మీద దృష్టి పెట్టు" అన్నాను. రేణుక పుస్తకం మూసి వెళ్ళిపోయింది. మాట తప్పింది నేను, ఆమె కాదు. రోజూ బడికి వచ్చింది, ఆఖరి బెంచీలో కూర్చున్నది, పరీక్షలు రాసింది. కంప్యూటర్ గదిలో మాత్రం మళ్ళీ అడుగు పెట్టలేదని మేడం చెప్పింది.

నా పదవీ విరమణ జూన్ నెలాఖరున. ఆ రోజు ఉదయం నా ఆఫీసు గది నిండా శాలువాలు, పూలదండలు. పదకొండు గంటలకు రేణుక వచ్చింది. మంచి మార్కులతో పాసైంది. మిర్యాలగూడలో పెద్దమ్మ ఇంట్లో ఉండి ఇంటర్ చదవాలనుకుంటోంది, ఒక కాగితం మీద మండల విద్యాధికారి సంతకం కావాలి. చేశాను. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది గాని కదలలేదు.

"రేపటికెల్లి మీరు ఆ పుస్తకంల రాయరాదు గద సార్?" అని అడిగింది.

"రాదు. ఇయ్యాలనే ఆఖరు" అన్నాను.

"మంచిది సార్" అంది. సంచి భుజాన వేసుకొని, "వస్త సార్" అని వెళ్ళిపోయింది.

ఆ బడి నా ఆఫీసుకు పన్నెండు కిలోమీటర్లు. సాయంత్రం అయిదు దాకా నేను అధికారినే. బయట కారు ఉంది, డ్రైవరు ఉన్నాడు. సన్మానం ఉందని, వచ్చినవాళ్ళు ఏమనుకుంటారోనని వెళ్ళలేదు. సన్మాన సభలో నా నోటి చలువ గురించి నలుగురు మాట్లాడారు. ఒకాయన నా ‘గోడ దుంకి పోతడు’ చమత్కారం చెప్పి జనాన్ని నవ్వించాడు. నేనూ నవ్వాను.

కొత్తగా ఈ శాఖలో చేరేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. రిజిస్టరులో చూసింది తరగతిలో మాట్లాడకూడదు. పిల్ల నోరు తెరిచి ఉంటే అధికారి నోరు మూసుకోవాలి. రాసిన తప్పును దిద్దే హక్కు పదవి ఉన్నంత వరకే ఉంటుంది, ఆ తర్వాత ఎంత బుద్ధి వచ్చినా ఆ పుస్తకంలో అక్షరం పెట్టడానికి వీల్లేదు. అందుకే ఆ పేజీలో రాయవలసింది ఇక్కడ రాస్తున్నాను. దీనికి కార్యాలయ విలువ ఏమీ లేదు.

కుమారి రేణుక కాలం వృథా చేయలేదు. ఆమె తన స్నేహితురాళ్ళకు తన తండ్రి పనితనం గురించి చెప్పబోతోంది. నేను అడ్డు తగిలాను. నేను ఆమె తండ్రిని ఆమె తోటి పిల్లల ముందు అవమానించాను. నేను తప్పు రిమార్కు రాశాను. దిద్దుతానని నేను మాటిచ్చాను, నేను తప్పాను.